జిల్లాలో ఉంటూనే టెక్ స్టార్టప్‌ను పెంచడం: ఇంక్యుబేటర్లు, మెంటార్లు, ఏంజెల్ నెట్‌వర్కులను వాడుకునే పద్ధతి

"టీ-హబ్‌లో చోటు దొరికితే పెట్టుబడి వచ్చినట్టేనా?" "ఇంక్యుబేటర్ వాటా అడుగుతోంది, ఇవ్వాలా?" "మేం ఉండేది భీమవరంలో, హైదరాబాద్‌కు మకాం మార్చక తప్పదా?" ఇలాంటి ప్రశ్నలు వారానికి రెండు మూడు వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇంక్యుబేటర్ అంటే కొత్త సంస్థలకు చోటు, సలహాలు, పరిచయాలు ఇచ్చి నిలదొక్కుకునేలా చూసే కేంద్రం, హైదరాబాద్‌లోని టీ-హబ్ అలాంటిదే. మెంటార్ అంటే అనుభవంతో దారి చూపే మనిషి.

సహాయ నెట్‌వర్కుల నుంచి అందరూ ఆశించేది డబ్బు. ముందుగా దొరికేది మాత్రం పరిచయం: మీకు కావలసిన పని తెలిసిన మనిషి మీ ఫోను ఎత్తడం. అది అక్కరకు రావాలంటే మీరు అడిగేది ఒక్క వాక్యంలో ఇమడాలి. కింద రాసినదంతా ఆ వాక్యాన్ని తయారు చేసుకోవడం గురించీ, దాన్ని సరైన తలుపు దగ్గరకు తీసుకెళ్లడం గురించే.

చెప్పడానికి వీలుగా ఒక ఊహా ఉదాహరణను చివరిదాకా వెంటబెట్టుకుంటాను. భీమవరం దగ్గర ఇద్దరు ఇంజినీర్లు రొయ్యల చెరువుల కోసం ఒక పరికరం చేశారు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే రైతులు డీఓ అనే దాన్ని, అది పది నిమిషాలకోసారి కొలుస్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందకు జారితే రైతు ఫోను మోగుతుంది. డీఓ బాగా పడిపోయేది తెల్లవారుజామున, కాపలా మనిషికి కునుకు పట్టే వేళకే. కాబట్టి అవసరం నిజమైనదే. ఇక వ్యాపారంగా నిలబెట్టాలి.

1. మీకు తక్కువైంది ఏమిటో ముందు తేల్చుకోండి

చాలామంది "సపోర్ట్ కావాలి" అంటూ వెళ్తారు. అవతలివారు "తప్పకుండా" అంటారు. ఇద్దరూ టీ తాగి లేస్తారు.

ఒక కాగితం తీసుకుని ఈ ఐదింటిలో మీ పని ఇప్పుడు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టండి:

- పరికరమో సాఫ్ట్‌వేరో ఇంకా నమ్మకంగా పనిచేయడం లేదు
- పనిచేస్తోంది, కానీ అధికారికంగా పరీక్షించినవారు లేరు
- వాడేవారున్నారు, డబ్బిచ్చి కొనేవారు లేరు
- కొనేవారున్నారు, సరుకు తయారు చేయడానికి డబ్బు చాలడం లేదు
- డబ్బుంది, పని తెలిసిన మనిషి లేడు

రెండు మూడు చిక్కులు ఒకేసారి ఉన్నాయనిపిస్తుంది. అయినా ఒక్కదాన్నే ఎంచుకోండి. ఏది తీరితే మిగతావి కదులుతాయో అది.

మన భీమవరం జట్టు మొదట "మాకు పెట్టుబడి కావాలి" అని రాసుకుంది. కాస్త తరచి చూస్తే అసలు చిక్కు వేరు. ఎనిమిది తొమ్మిది రోజులకే సెన్సర్ మీద నాచు పేరుకుని రీడింగు తప్పుతోంది. అది తేలకుండా 50 లక్షలు వచ్చినా, ఆ 50 లక్షలతో తప్పు రీడింగులిచ్చే పరికరాలే ఎక్కువ తయారవుతాయి. కాబట్టి వాళ్ల వాక్యం ఇలా మారాలి: "ఉప్పునీటి చెరువులో సెన్సర్‌కు నాచు పట్టకుండా 30 రోజులు నిలిపే పద్ధతి తెలిసినవారు కావాలి."

ఈ వాక్యం చదివిన మనిషికి ఎవరో ఒకరి పేరు తడుతుంది. "పెట్టుబడి కావాలి" అంటే ఎవరూ తట్టరు.

2. ఏ తలుపు దగ్గర ఏం దొరుకుతుంది

మన రెండు రాష్ట్రాల్లో తలుపులు తక్కువేమీ లేవు. పేర్లన్నీ ఒకేలా వినిపించడం వల్లే తికమక. పనిని బట్టి విడదీసుకుంటే సులువవుతుంది.

*పెద్ద కూడలి వంటివి.* హైదరాబాద్‌లో టీ-హబ్ 2015లో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022లో రాయదుర్గంలోని సొంత భవనానికి మారింది. మహిళలు నడిపే సంస్థలకు 2018 నుంచి వీ-హబ్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. దాని ప్రాంతీయ కేంద్రాలు విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురం వైపు ఉన్నాయి. ఇలాంటి చోట్ల పెద్ద కంపెనీలతో, పెట్టుబడిదారులతో, ప్రభుత్వ శాఖలతో పరిచయాలు దొరుకుతాయి. మీ సెన్సర్ మీది నాచు గురించి ఇక్కడ పెద్దగా తెలియకపోవచ్చు.

*ఒకే రంగం వాళ్లవి.* జిల్లా స్టార్టప్‌లకు ఎక్కువగా పనికొచ్చేవి ఇవేనని నా అభిప్రాయం. వ్యవసాయానికి రాజేంద్రనగర్‌లోని నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) ప్రాంగణంలో ఎ-ఐడియా అనే ఇంక్యుబేటర్, పటాన్‌చెరులో ఇక్రిశాట్ వారి ఇంక్యుబేటర్ ఉన్నాయి. జీవశాస్త్రానికి హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ అనుబంధ అటల్ ఇంక్యుబేషన్ కేంద్రం, వైద్య పరికరాలకు విశాఖలోని మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. రొయ్యల విషయానికి వస్తే చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ పేర్లు మన జట్టు జాబితాలో పైన ఉండాలి. హైదరాబాద్ వెళ్లే బస్సెక్కే ముందు కాకినాడ వెళ్లి రావడం మేలు.

*తయారీ, పరీక్షలు చేసుకునే చోట్లు.* చేత్తో పట్టుకునే వస్తువు చేసేవారికి హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ 2023 నుంచి ఉంది. మీ జిల్లాలోని ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబును చిన్నచూపు చూడకండి. సర్క్యూట్ బోర్డు, త్రీడీ ప్రింటింగ్ వంటి పనులు సగం అక్కడే అయిపోతాయి.

*మనుషుల నెట్‌వర్కులు.* 'టై హైదరాబాద్' అనే వ్యాపారవేత్తల సంఘంలో వ్యాపారం నడిపి చూసినవారు సభ్యులుగా ఉంటారు. ఏంజెల్ ఇన్వెస్టర్ల, అంటే తొలి దశలోనే సొంత డబ్బు పెట్టేవారి బృందాలు వేరే ఉన్నాయి. వీటికి తోడు మీ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం ఉంటుంది. దాని వాట్సాప్ గ్రూపులో శుభోదయాలే ఎక్కువ కనిపించినా, ఏ కంపెనీలో కొనుగోళ్లు చూసేదెవరో ఐదు నిమిషాల్లో చెప్పగలిగేది కూడా అదే.

*ప్రభుత్వ వేదికలు.* తెలంగాణలో ఇన్నోవేషన్ సెల్ నడిపే 'ఇంటింటా ఇన్నోవేటర్' ప్రదర్శన ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లో జరుగుతూ వస్తోంది. కలెక్టరు, జిల్లా అధికారులు ఒకేచోట కనిపించే రోజు అది. పంద్రాగస్టున జెండా పండుగకు వెళ్లినట్టే వెళ్లి, పరికరం చూపించి రావచ్చు.

కోరికల జాబితా పొడుగ్గా రాయకండి. మొదటి విడతకు ఒక రంగ సంస్థ, ఒక కూడలి, ఒక కాలేజీ ల్యాబు, ముగ్గురు మనుషులు చాలు.

3. వెళ్లేముందు ఫైలులో ఉండాల్సినవి

మాటలు బాగా కుదిరాక "కాగితాలు పంపండి" అంటారు. అక్కడ మూడు వారాలు ఆలస్యమైతే మీ మీద ఆసక్తి చల్లారిపోతుంది. కాబట్టి ముందే సర్దుకోండి.

- ప్రైవేట్ లిమిటెడ్ లేదా ఎల్ఎల్పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) నమోదు పత్రం, పాన్, సంస్థ పేరున బ్యాంకు ఖాతా
- డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ) ఇచ్చే స్టార్టప్ గుర్తింపు పత్రం
- ఉద్యమ్ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) నమోదు పత్రం
- వ్యవస్థాపకుల మధ్య ఒప్పందం
- మేధోహక్కులను సంస్థకు బదలాయించిన పత్రం
- ఒక పేజీ పరిచయం, పది స్లైడ్ల ప్రజెంటేషన్, రెండు నిమిషాల వీడియో
- నెలవారీ ఖర్చు, ఆదాయం చూపే ఒక్క షీటు

వీటిలో కొన్నింటి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

డీపీఐఐటీ గుర్తింపు స్టార్టప్ ఇండియా పోర్టల్‌లో ఉచితం. ఉద్యమ్ నమోదు కూడా ఉచితమే. ఈ రెండింటికీ ఐదారు వేలు పుచ్చుకునే మధ్యవర్తులు ప్రతి ఊళ్లో ఉన్నారు. దరఖాస్తులో "మీ కొత్తదనం ఏమిటి" అన్న గడిని మీరే నింపాలి, అదొక్కటే కష్టం. "ఏఐ ఆధారిత వినూత్న పరిష్కారం" అని రాస్తే తిరిగొస్తుంది. పాత పద్ధతిలో రైతు ఏం చేసేవాడు, మీది వచ్చాక ఏం మారింది అన్నది నాలుగు వాక్యాల్లో రాయండి.

ఉద్యమ్‌ను తేలిగ్గా తీసుకోకండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి. సరుకు పంపడానికి ముందే నమోదు ఉంటేనే ఈ రక్షణ గట్టిగా నిలుస్తుంది. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి.

వ్యవస్థాపకుల ఒప్పందం అనగానే "మేం చిన్నప్పటి నుంచి స్నేహితులం" అంటారు. స్నేహితుడికి కెనడాలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే అతని 50 శాతం వాటా ఏమవుతుంది? ఆ వాటా నాలుగేళ్లలో విడతలుగా దక్కేలా, మొదటి ఏడాదిలోపు వెళ్తే ఏమీ దక్కకుండా రాసుకోండి. స్నేహం అలాగే ఉంటుంది.

మేధోహక్కుల విషయంలో పెద్ద గొయ్యి కాలేజీ ల్యాబు. చివరి ఏడాది ప్రాజెక్టుగా మొదలైన పరికరం మీద హక్కు కాలేజీదా, విద్యార్థులదా, మార్గదర్శకుడిగా ఉన్న ఆచార్యులదా అన్నది పెట్టుబడి వచ్చే వేళకు బయటికి వస్తుంది. ఇప్పుడే వెళ్లి అభ్యంతరం లేదన్న లేఖ తెచ్చుకోండి. ఇప్పుడు అది ఒక సంతకం. రెండేళ్ల తర్వాత బేరం అవుతుంది.

4. ఇంక్యుబేటర్‌ను ఎంచుకోవడం

మీరు ఇంటర్వ్యూకు వెళ్తున్నారనుకుంటారు. వాళ్లను కూడా మీరు ఇంటర్వ్యూ చేయాలి. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి:

- మా రంగంలో ఇంతకు ముందు ఎన్ని సంస్థలకు సాయం చేశారు? వారిలో ముగ్గురి ఫోను నంబర్లు ఇస్తారా?
- వాటా తీసుకుంటారా, అద్దె తీసుకుంటారా, రెండూనా? వాటా అయితే దానికి బదులుగా ఏం ఇస్తారు?
- ఎన్ని రోజులు అక్కడ ఉండాలి? మిగతా పని ఊరి నుంచి చేసుకోవచ్చా?
- మమ్మల్ని చూసే ప్రోగ్రాం మేనేజరు ఎవరు? ఎన్ని సంస్థలను చూస్తున్నారు?
- మధ్యలో వదిలేస్తే ఏమవుతుంది?

అసలు సమాచారం మొదటి ప్రశ్నలో ఉంటుంది. ఆ ముగ్గురికీ ఫోను చేసి "మీకు వాళ్లు చేయించిన పరిచయాల్లో డబ్బుగా మారినవి ఎన్ని?" అని అడగండి. జవాబు కంటే జవాబుకు ముందు వచ్చే మౌనం ఎక్కువ చెబుతుంది.

వాటా గురించి. బీన్‌బ్యాగులు, కాఫీ యంత్రం, వేదిక మీద ఫొటో కోసం వాటా ఇవ్వకండి. నగదు, పరీక్షా సదుపాయం, మీ రంగంలోని కొనుగోలుదారులు, వీటిలో కనీసం రెండు ఒప్పందంలో అక్షరాలా ఉంటే ఆలోచించవచ్చు. సంతకం చేసేముందు స్టార్టప్ ఒప్పందాలు చూసిన కంపెనీ సెక్రటరీకి చూపించండి. మామూలు ట్యాక్సు పనులే చేసే ఆడిటరుగారు మంచివారే అయినా, ఇది ఆయన రోజూ చేసే పని కాదు.

మకాం మార్చాలా అన్న ప్రశ్నకు నా జవాబు: మీ కస్టమరు ఎక్కడుంటే మీరు అక్కడుండండి. చెరువులు భీమవరంలో ఉంటే జట్టూ భీమవరంలోనే ఉండాలి. నెలకు రెండు సార్లు హైదరాబాద్ వెళ్లి రండి. సాఫ్ట్‌వేరు కొనే కంపెనీలు హైదరాబాద్‌లో ఉంటే అమ్మకాలు చూసే ఒక్కరు అక్కడ ఉంటే చాలు. మిగతావారు వరంగల్‌లోనో అనంతపురంలోనో ఉండి పనిచేస్తే జీతాలు, అద్దెలు తగ్గి అదే డబ్బు ఇంకొన్ని నెలలు వస్తుంది.

5. గ్రాంటు దరఖాస్తు: వరుస తప్పకుండా

విత్తన దశలో, అంటే సంస్థ తొలి రోజుల్లో, ఎక్కువమంది చూసేది స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం. 2021లో 945 కోట్ల రూపాయలతో మొదలైంది. ఈ డబ్బు నేరుగా ఢిల్లీ నుంచి రాదు. ఎంపికైన ఇంక్యుబేటర్ల ద్వారా వస్తుంది. మీ నెట్‌వర్కు పనికొచ్చేది ఇక్కడే. దరఖాస్తుకు ముందు విండో తెరిచి ఉందో లేదో, షరతులు మారాయేమో పోర్టల్‌లో చూసుకోండి.

పథకం స్వరూపం ఇది:

- నమూనా, పరీక్షల దశకు 20 లక్షల వరకు గ్రాంటు (తిరిగి కట్టనక్కర్లేని సాయం), విడతల వారీగా
- మార్కెట్‌లోకి వెళ్లే దశకు 50 లక్షల వరకు, మార్పిడి డిబెంచర్ (తర్వాత వాటాగా మార్చుకోగల అప్పు పత్రం) లేదా అప్పు రూపంలో
- దరఖాస్తు నాటికి సంస్థ పుట్టి రెండేళ్లు దాటకూడదు
- డీపీఐఐటీ గుర్తింపు తప్పనిసరి
- ఇతర ప్రభుత్వ పథకాల నుంచి 10 లక్షలకు మించి నగదు సాయం పొంది ఉండకూడదు
- మూడు ఇంక్యుబేటర్లను ప్రాధాన్య క్రమంలో ఎంచుకోవచ్చు

"రెండేళ్లు" అన్న షరతు దగ్గరే చాలామంది జారిపడతారు. కాలేజీలో ఉండగా ఉత్సాహంగా కంపెనీ పెట్టి, పరికరం సిద్ధమయ్యే వేళకు గడువు దాటించుకుంటారు. నమూనా ఇంకా ఊహలోనే ఉంటే కంపెనీ నమోదుకు తొందరపడకండి. ఆ దశలో వ్యక్తులకు కూడా సాయమిచ్చే 'నిధి ప్రయాస్' అనే కేంద్ర పథకం వంటిది నయం. అందులో నమూనా తయారీకి 10 లక్షల వరకు సాయం ఉంటుంది. జీవశాస్త్రం, వైద్య రంగాలవారు బయోటెక్ రంగానికి సాయమిచ్చే కేంద్ర సంస్థ బైరాక్ వారి 'బిగ్' గ్రాంటు చూడాలి. అది 18 నెలలకు 50 లక్షల వరకు ఇస్తుంది.

దరఖాస్తు రాసే వరుస:

మొదట మైలురాళ్లు రాయండి, తర్వాత ఖర్చు రాయండి. అందరూ తలకిందులుగా చేస్తారు. 20 లక్షలు అనుకుని దాన్ని ముక్కలు చేస్తారు. కమిటీ సభ్యులకు అది మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

మన జట్టు మైలురాళ్లు ఇలా ఉండవచ్చు. మూడో నెలకు నాచు పట్టని తొడుగుతో ఐదు పరికరాలు. ఆరో నెలకు 20 చెరువుల్లో ఒక పంట కాలం రీడింగులు, ప్రయోగశాల మీటరుతో పోల్చి చూపిన పట్టిక. తొమ్మిదో నెలకు పది మంది రైతుల నుంచి డబ్బు. ఒక్కో మైలురాయి పక్కన దానికయ్యే ఖర్చు. ఆఫీసు అలంకరణ, ఏసీలు రాయకండి. ఈ పథకం డబ్బు సదుపాయాలు కట్టుకోవడానికి కాదు.

దరఖాస్తు పంపే ముందు ఆ ఇంక్యుబేటర్‌లోని ప్రోగ్రాం మేనేజరుతో ఒక్కసారైనా మాట్లాడండి. సిఫార్సు కోసం కాదు. "మీ కమిటీ ఈ మధ్య ఎలాంటివాటిని తిప్పి పంపింది?" అని అడగడానికి. చాలామంది నిజాయతీగా చెబుతారు.

6. మెంటార్ దగ్గర పని రాబట్టుకోవడం

తొలి మెయిల్ దగ్గరే సగం పరిచయాలు చచ్చిపోతాయి. ఇలాంటిది చూడండి:

"గౌరవనీయులైన సర్, మేము ఆక్వా రంగంలో విప్లవాత్మక మార్పులు తేవాలనే సంకల్పంతో ఏఐ, ఐఓటీ ఆధారిత వేదికను రూపొందించాము. తమ అమూల్యమైన మార్గదర్శనం కోరుతున్నాము. వీలు చూసుకుని ఒక గంట సమయం కేటాయించగలరు."

ఇది చదివిన పెద్దమనిషి దేనికి జవాబివ్వాలి? మర్యాదగా "తప్పకుండా కలుద్దాం" అంటారు, అక్కడితో సరి. ఇప్పుడు దీన్ని చూడండి:

"నమస్కారం సర్. మాది భీమవరం. పదకొండు రొయ్యల చెరువుల్లో మా డీఓ పరికరం నాలుగు నెలలుగా నడుస్తోంది. తొమ్మిదో రోజు నుంచి నాచు వల్ల రీడింగు 1 మిల్లీగ్రాము దాకా తేడా వస్తోంది. రాగి తొడుగు, గాలి బుడగలు రెండూ ప్రయత్నించాం. ఫలితాల పట్టిక జతచేశాను. మీరు నీటి నాణ్యత మీటర్ల కంపెనీలో పనిచేశారని తెలిసింది. వైపర్ పెడితే ఉప్పునీటిలో ఎంతకాలం నిలుస్తుంది? పదిహేను నిమిషాలు ఫోనులో మాట్లాడగలరా? మంగళవారం, గురువారం సాయంత్రాలు మాకు వీలు."

రెండోదానికి జవాబు వస్తుంది. ఆయనకు తెలియకపోయినా తెలిసినవారికి దాన్ని అలాగే ముందుకు పంపుతారు. ముందుకు పంపడానికి వీలుగా ఉండటమే ఈ మెయిల్ బలం.

మాట్లాడాక చేయవలసినవి:

- అదే రోజు ఐదు వరుసల్లో మీరు ఏం విన్నారో, ఏం చేయబోతున్నారో రాసి పంపండి
- చెప్పింది చేసి, రెండు వారాల్లో ఫలితం చెప్పండి, అది విఫలమైనా సరే
- ఆ తర్వాతే రెండో సాయం అడగండి

రెండో అంశం చాలామంది చేయరు. సలహా తీసుకుని మాయమైపోతారు, ఆరు నెలలకు మళ్లీ "పెట్టుబడిదారుల పరిచయం కావాలి" అంటూ ప్రత్యక్షమవుతారు. ఒక జట్టు నాకు ప్రతి నెలా మొదటి ఆదివారం పది వరుసల నివేదిక పంపేది. ఈ నెల ఎన్ని అమ్మాం, ఏది చెడింది, ఎవరి సాయం కావాలి. నేను జవాబు రాసింది తక్కువ. కానీ ఒకసారి రైలులో పక్క సీటాయన వ్యాపారం గురించి మాట్లాడుతుంటే వెంటనే గుర్తుకొచ్చింది ఆ జట్టే. అక్కడే ఫోను కలిపాను.

మెంటార్లు ఒకరికొకరు పొసగని సలహాలిస్తారు. ఒకాయన ధర పెంచమంటారు, ఇంకొకాయన ఉచితంగా ఇవ్వమంటారు. ఎవరు మీ కస్టమరును దగ్గరగా చూశారో వారి మాటకు బరువు ఎక్కువ ఇవ్వండి.

మెంటార్ వాటా అడిగితే కంగారు పడకండి, వెంటనే ఒప్పుకోకండి కూడా. మూడు నెలలు పనిచేసి చూద్దామనండి. ఆ తర్వాత కూడా విడతల వారీగానే.

7. పరిచయాన్ని పైలట్‌గా, పైలట్‌ను బిల్లుగా మార్చడం

పైలట్ అంటే కొనేముందు కొద్ది రోజులు చిన్న ఎత్తున వాడి చూడటం. నా దృష్టిలో నెట్‌వర్కు చేసే అసలు మేలు ఇదే.

రొయ్యల రైతు దగ్గరకు నేరుగా వెళ్లి పరికరం అమ్మబోతే "చూద్దాం బాబూ, పట్టుబడి అయ్యాక" అంటాడు. అది తప్పించుకోవడం కాదు, నిజమే చెబుతున్నాడు. చాలామంది రైతులకు మేత, మందులు డీలరు దగ్గర అరువుపై వస్తాయి. రొయ్య పట్టి అమ్మాకే లెక్క తేలుతుంది. మధ్యలో చేతిలో నగదు ఆడదు. కాబట్టి మీ కస్టమరు ఎవరు? చెరువు గట్టు మీద రైతు. డబ్బు దారి తెలిసినవాడు? మేత డీలరు. తన అరువు మునగకుండా ఉండాలంటే రొయ్య బతకాలన్నది అతనికి అందరికంటే బాగా తెలుసు.

ఈ సంగతి ఏ డెమో డేలోనూ (స్టార్టప్‌లు పెట్టుబడిదారుల ముందు చూపించుకునే రోజు) చెప్పరు. మత్స్య శాఖలో పనిచేసి రిటైరైన ఒక మనిషి, లేదా మేత కంపెనీలో అమ్మకాలు చూసిన ఒక మనిషి పది నిమిషాల్లో చెబుతారు. అలాంటివారి పరిచయమే అడగండి.

పైలట్ మొదలుపెట్టేముందు ఒక పేజీ ఒప్పందం ఉండాలి:

- ఎన్ని చెరువులు, ఎన్ని రోజులు
- ఏ అంకె వస్తే విజయం అంటారు
- రోజువారీగా చూసుకునేది అవతలి వైపు ఎవరు
- పరికరం పోతే, పాడైతే ఎవరి ఖర్చు
- రీడింగుల సమాచారం ఎవరిది
- విజయమైతే ఎన్ని కొంటారు, ఎంత ధరకు

ధర కొంచెమైనా పెట్టండి. ఉచిత పైలట్‌లో పరికరం చెరువు పక్క షెడ్డులో మేత బస్తాల వెనక చేరుతుంది. సగం ధర కట్టినవాడు మాత్రం రీడింగు రాకపోతే ఉదయం ఆరింటికే ఫోను చేసి తిడతాడు. ఆ తిట్లే మీకు కావాలి.

హార్డ్‌వేరు వాళ్లకు ఒక చిన్న హెచ్చరిక. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే లోరా (తక్కువ కరెంటుతో దూరానికి సమాచారం పంపే) రేడియో మాడ్యూళ్లలో 915 మెగాహెర్ట్జ్‌వి అమెరికా కోసం చేసినవి. మన దగ్గర లైసెన్సు అక్కర్లేని తరంగాల పట్టీ 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. వంద పరికరాలు చేశాక ఇది తెలిస్తే వంద బోర్డులూ మార్చాలి. రేడియో ఉన్న పరికరానికి అనుమతుల గురించి నమూనా దశలోనే ఇంక్యుబేటర్‌లోని హార్డ్‌వేరు మెంటారును అడగండి.

ప్రభుత్వానికి అమ్మాలనుకుంటే ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ముందస్తు అనుభవం, టర్నోవరు, ధరావతు విషయాల్లో సడలింపులున్నాయి. నాణ్యతకు మాత్రం సడలింపు లేదు. టెండరు పత్రంలో ఆ సడలింపు రాసి ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి.

8. పెట్టుబడి పరిచయాలు

దీని గురించి అందరూ రాస్తారు కాబట్టి నాలుగు ముక్కలతో వదిలేస్తాను.

వేదికెక్కి పరికరం గుట్టు చెప్పేముందు తాత్కాలిక పేటెంటు దరఖాస్తు వేయండి. పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు దొరుకుతుంది. స్టార్టప్‌లకు పేటెంటు రుసుములో 80 శాతం రాయితీ ఉంది. "రహస్య ఒప్పందం మీద సంతకం పెడితేనే చెబుతాం" అని పెట్టుబడిదారులను అడగకండి, వాళ్లు పెట్టరు.

పరిచయం చేయమని అడిగేటప్పుడు, మీ గురించి మూడో మనిషి రాసినట్టుగా నాలుగు వరుసలు మీరే రాసి ఇవ్వండి. పరిచయం చేసేవారికి శ్రమ తగ్గుతుంది, ఆలస్యమూ తగ్గుతుంది.

వాటాల కోసం డబ్బు ఖాతాలో పడ్డాక 60 రోజుల్లోపు వాటాలు కేటాయించాలి. లేకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగివ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ. మాటల్లో "తర్వాత చూసుకుందాం" అనుకున్న బాబాయిగారి డబ్బుకూ ఇదే లెక్క.

డల్లాస్ బావగారు డాలర్లు పంపుతానంటే సంతోషమే. పంపేముందే సీఏతో మాట్లాడండి. తిరిగి అక్కడికి తీసుకెళ్లే హక్కుతో పెట్టే పెట్టుబడి అయితే వాటాలు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ అనే విదేశీ పెట్టుబడి వివరాల పత్రం సమర్పించాలి. ఆ గడువు మరిచిపోయిన సంస్థలకు తర్వాతి పెట్టుబడి వేళ అదే గుదిబండ.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మరమ్మతు

*పోటీల మోజు.* ఏడాదిలో పన్నెండు పిచ్ పోటీలు (వేదికెక్కి మీ వ్యాపారం చెప్పుకునేవి), పన్నెండు షీల్డులు, సున్నా అమ్మకాలు. మరమ్మతు: మూడు నెలలకు ఒక్క పోటీ. అదీ జడ్జీల్లో మీ కస్టమరో, మీ రంగం మనిషో ఉంటేనే.

*ఒకేసారి నాలుగు ఇంక్యుబేటర్లు.* నాలుగుచోట్లా హాజరు, నాలుగు నివేదికలు. చేసే పని వెనకబడుతుంది. మరమ్మతు: ఒకటి ఉంచుకుని మిగతావారికి మర్యాదగా లేఖ రాయండి. ఆ పరిచయాలు పోవు.

*లెక్క లేని గ్రాంటు ఖర్చు.* ఇది నాకు దగ్గరగా తెలిసిన గాయం. నేను మొదటిసారి చేయి వేసిన ఒక సంస్థలో గ్రాంటు డబ్బునూ అమ్మకాల డబ్బునూ ఒకే ఖాతాలో ఉంచాం. డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ పత్రం ఇవ్వాల్సిన వేళ పదకొండు నెలల బిల్లులు బయటికి తీసి, సంక్రాంతి సెలవులన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాం. రెండో విడత ఐదు నెలలు ఆలస్యమైంది. మరమ్మతు: గ్రాంటుకు ప్రత్యేక ఖాతా, ప్రతి శనివారం అరగంట బిల్లుల పని.

*మొహమాటం.* జిల్లాల నుంచి వచ్చినవారిలో ఇది ఎక్కువ. మెంటార్ పెద్దాయన కదా అని తేలని సందేహాన్ని అడగరు. చేయలేమన్నది చెప్పరు. ఇంగ్లీషులో తడబడతామేమోనని వెనక వరుసలో కూర్చుంటారు. మరమ్మతు: తెలుగులోనే మాట్లాడండి. హైదరాబాద్, విశాఖ ఇంక్యుబేటర్లలో తెలుగు తెలిసినవారికి కొదవ లేదు. అంకెల పట్టిక ఒకటి చేతిలో ఉంటే భాష పెద్ద అడ్డంకి కాదు.

*సిఫార్సు మీద భరోసా.* "ఎమ్మెల్యేగారు ఫోను చేశారు" అని కమిటీ ముందు చెప్పకండి. ఆ ఫోను మీ ఫైలు తెరిపిస్తుందేమో గానీ మార్కులు వేయించదు.

10. ఇంక్యుబేటర్ నుంచి బయటికి

చేరినప్పుడే బయటికొచ్చే తేదీ రాసుకోండి, సాధారణంగా 12 నుంచి 24 నెలలు. ఆ తేదీకి మూడు నెలల ముందు ఈ పనులు మొదలుపెట్టండి:

- మీకు పరిచయమైన ప్రతి మనిషి వివరాలు మీ సొంత జాబితాలో ఉన్నాయా? ప్రోగ్రాం మేనేజరు ఉద్యోగం మారితే దారి మూసుకుపోకూడదు
- ల్యాబు పరికరాలు వాడుకునే వీలు తర్వాత కూడా ఉంటుందా, ధర ఎంత?
- గ్రాంటు చివరి వినియోగ పత్రం, ముగింపు లేఖ చేతికొచ్చాయా?
- వాటా ఇచ్చి ఉంటే షేరు సర్టిఫికెట్, రిజిస్టరు నమోదు సరిపోలాయా?
- మీ తర్వాతి బ్యాచ్‌లో ఎవరికైనా మీరు చెప్పగలిగింది ఉందా? నెలకు ఒక గంట ఇవ్వండి, ఆ తలుపు మీకు తెరిచే ఉంటుంది

అన్నింటికంటే ఎక్కువమంది మరిచిపోయేది చిరునామా. చాలా సంస్థలు ఇంక్యుబేటర్ చిరునామానే రిజిస్టర్డ్ ఆఫీసుగా పెట్టుకుంటాయి. ఖాళీ చేశాక కంపెనీల రిజిస్ట్రారు నోటీసులు, పన్ను శాఖ ఉత్తరాలు అక్కడికే వెళ్లి రిసెప్షన్ బల్ల కింద పడి ఉంటాయి. మారిన 30 రోజుల్లోపు ఐఎన్‌సీ-22 ఫారం దాఖలు చేయండి. జీఎస్టీ, బ్యాంకు, ఉద్యమ్, డీపీఐఐటీ ఖాతాల్లోనూ మార్చండి. కొత్త చోటి కరెంటు బిల్లు, యజమాని అభ్యంతరం లేదన్న లేఖ కావాలి కాబట్టి ఇంటి యజమానితో ఆ మాట అద్దె బేరం రోజే మాట్లాడుకోండి.